పరాయివాళ్ళ సెలవులు

మూడో నంబరు క్యాబిన్లో పై మంచం పరుపుకి ఎవరో పిల్ల జామ్ పూసింది. రెక్సిన్ పరుపు కాబట్టి సరిపోయింది, బట్ట పరుపైతే ఈపాటికి చీమలు బారులు కట్టేవి. డార్లిస్ నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, ఎడమ చేత్తో మంచం కమ్మీ పట్టుకుని, కుడి చేత్తో వేణ్ణీళ్ళ గుడ్డ పెట్టి రుద్దుతోంది. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు మెట్టుకో మాట అంటున్నాయి. పదకొండింటికి పాతవాళ్ళు ఖాళీ చేస్తారు, రెండింటికి కొత్తవాళ్ళు దిగుతారు. ఈ మధ్యలో క్యాబిన్ అంతకు ముందు అక్కడ ఎవరూ బతకనట్టు తయారవ్వాలి. అలాంటి క్యాబిన్లు ఎనిమిది. జనవరి నించి మార్చి దాకా ఒక్కటీ ఖాళీ ఉండదు. రాత్రి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టే చలి, మధ్యాహ్నానికి చొక్కాలు విప్పుకుని తిరిగే ఎండ. దీనికోసమే ఫీనిక్సు నించీ, ఉత్తరాన మంచు కొండల ఊళ్ళ నించీ జనం ఈ ఎడారిలోకి పరిగెత్తుకొస్తారు.

ఆ క్యాబిన్లో మూడు రోజులున్న పిల్లల తల్లి, ఫోను చార్జర్ మర్చిపోయానంటూ వెనక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి కొండ కేసి చూసింది, చేతులు చాచిన సగువారో జెముడు చెట్ల కేసి చూసింది, పెద్ద నిట్టూర్పు విడిచింది.

"మీరెంత అదృష్టవంతులండీ. మేం మూడు రోజులకోసం ఆరు నెలల ముందు బుక్ చేసుకున్నాం. మీకు చలికాలమంతా ఇదేగా."

"అవునమ్మా," అంది డార్లిస్ నిచ్చెన మీద నించే.

ఇంతలో గోల్ఫ్ బండి వచ్చి ఆగింది. డార్లిస్ మొగుడు ఆర్విడ్ దిగలేదు. దిగక్కర్లేదు కూడా. ఆకుపచ్చ కోటు, దాని మీద పేరు కుట్టిన బిళ్ళ, గడ్డం కింద బొటనవేలు పెట్టుకుని నవ్వడం, ఇవి చాలు జనం చుట్టూ చేరడానికి. డార్లిస్‌కి కోటు రాలేదు. ఆమె కొలత సరుకు అయిపోయిందట, ఐదేళ్ళ నించీ అయిపోతూనే ఉంది.

"ఇక్కడ బాస్ ఆవిడేనండోయ్. నేను ఉత్త డ్రైవర్ని," అన్నాడు ఆ అమ్మాయితో. అమ్మాయి నవ్వింది. ఆర్విడ్ నవ్వాడు. బాసు గుడ్డ పిండి మళ్ళీ జామ్ మీద పెట్టింది.

ఆర్విడ్ చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. తాగడు, చెయ్యెత్తడు, నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా 'ఇదేం వంట' అని కంచం తోసెయ్యలేదు. నార్త్ డకోటాలో వాళ్ళ ఊరి ధాన్యం గోదాముకి మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ రైతులు అతని మాటలు వినడానికే అరగంట ఎక్కువ నిలబడేవాళ్ళు. అలాంటి మనిషి మీద ఫిర్యాదు చెయ్యాలంటే ముందు అతను మంచివాడని పది నిమిషాలు ఒప్పుకోవాలి. ఆ పది నిమిషాలూ అయ్యాక వినేవాళ్ళకి ఓపిక ఉండదు, చెప్పేవాళ్ళకి సిగ్గేస్తుంది.

ఐదేళ్ళ కిందట అతని గుండెకి స్టెంట్ వేశారు. చలికాలం మంచు ఎత్తిపోసే పని పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఎత్తిపోసింది ఏనాడూ అతను కాదు. పొద్దున్నే పార తీసుకుని వాకిట్లోంచి రోడ్డు దాకా దారి చేసేది ఆమే. కానీ డాక్టరు చెప్పింది అతనికి కదా. వారం తిరిగేసరికి అరిజోనా పార్కువాళ్ళ ఫారం ఒకటి తెచ్చాడు. చలికాలమంతా పార్కులో ఉండి యాత్రికుల్ని చూసుకునే దంపతులు కావాలట. జీతం లేదు. ట్రైలర్ నిలుపుకోవడానికి చోటు, నీళ్ళు, కరెంటు ఇస్తారు. దంపతులిద్దరికీ కలిపి ఒకటే ఫారం. ఎవరు ఏం చెయ్యగలరని అడిగిన చోట తన పేరు పక్కన 'ఆహ్వానం, మార్గదర్శనం, నెగడు దగ్గర కథలు' అని రాశాడు. ఆమె పేరు పక్కన 'మిగతావి' అని రాశాడు. ఆమెని అడగలేదని కాదు. "నీకేం ఇబ్బంది లేదు కదా డార్లీ?" అన్నాడు. ఆ మాటలో ప్రశ్న ఉన్నట్టే ఉంటుంది, జవాబుకి మాత్రం చోటుండదు.

అప్పటికి బడి వంటింట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసి వచ్చి, ఆమె ఇంటిపట్టున ఉండి రెండేళ్ళయింది. ఆ రెండు చలికాలాల్లోనే తనకి చలికాలమంటే ఇష్టమని తెలిసింది. మంచు కురిసిన రోజున ఎవరూ రారు, ఎవరింటికీ పోనక్కర్లేదు. మేడ మీద కుట్టుపని గది తలుపు తేమకి ఉబ్బి బిగిసిపోతుంది, భుజం ఆనించి తోస్తే గాని తెరుచుకోదు. ఆర్విడ్ ఆ తలుపుతో పెట్టుకోడు. లోపల మిషనూ, బొంతల ముక్కలూ, కిటికీ అవతల తెల్లగా ఏమీ లేకపోవడమూ. గురువారం చర్చి కింది గదిలో అక్క బెర్నీస్‌తో కలిసి బొంతలు కుట్టేది. అక్కడ ఆడవాళ్ళు గంటసేపు ఏమీ మాట్లాడుకోకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అత్తగారు బతికున్న రోజుల్లో అనేది, "మా హాగెన్ల ఇంట్లో పట్టపగలు ఆడది కూర్చుంటే కుర్చీ సిగ్గుపడుతుంది" అని. అత్తగారు పోయిన పద్నాలుగేళ్ళకి గాని డార్లిస్ పట్టపగలు కూర్చోలేదు. కూర్చున్న రెండేళ్ళకి ఈ ఎడారి వచ్చిపడింది.

ఇప్పుడు ట్రైలర్లో ముందు నించి వెనక్కి పదకొండు అడుగులు పడతాయి. గోడ వైపు పడుకునేది ఆమె. నీళ్ళు తాగడానికి లేవాలన్నా అతన్ని దాటి లేవాలి. స్నానాల గదికి మడత తలుపు, అది ఊపిరి పీల్చినా ఊగుతుంది. ఊరు నలభై మైళ్ళు. పికప్ బండి తాళం అతని కోటు జేబులో. ఫోను పని చేసేది పార్కు ఆఫీసు మెట్ల మీద మాత్రమే, అక్కడ మాట్లాడితే లోపల కౌంటర్ దాకా వినపడుతుంది. చుట్టూ చూస్తే కనుచూపు మేర గోడ అనేదే లేదు. ఇంత ఖాళీలో మనిషికి ఊపిరాడదని ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. ఆమె ఏప్రిల్ కోసం బతుకుతుంది. ఏప్రిల్లో ఎండలు ముదిరేసరికి ట్రైలర్ ఉత్తరానికి తిరుగుతుంది, ఇంటి తాళం బెర్నీస్ దగ్గర నించి ఆమె చేతికి వస్తుంది.

ఆ ఆదివారం పార్కు పందిరి కింద పాన్‌కేకుల ఫలహారం. నెలకొకసారి అందరికీ పెడతారు. పెట్టేది ఆర్విడ్ అని బోర్డు మీద ఉంటుంది. తెల్లవారుజామునే లేచి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే పిండి కలిపి, పెనం ముందు నిలబడేది డార్లిస్. నలభై మంది దాకా చేరారు. టోపీలు, కంబళ్ళు, కాఫీ పొగలు. ఆర్విడ్ బల్ల మీద చెంచాతో కొట్టాడు.

"మీకందరికీ ఒక కబురు. ఇన్నాళ్ళూ మేం చలికి మాత్రమే దిగొచ్చే పక్షులం. ఇక తిరిగి ఎగిరేది లేదు. ఊళ్ళో మా ఇల్లు అమ్మడానికి బేరం కుదిరింది. చలికాలం ఇక్కడ, వేసవికి ఉత్తరాన కొండ మీది పార్కులో. డార్లీ ఈ జన్మకి మళ్ళీ మంచు పార పట్టదు."

చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. నలభై ముఖాలు పెనం వైపు తిరిగాయి. డార్లిస్ చేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద నాలుగు పాన్‌కేకులు బుడగలు తేలుతున్నాయి. బుడగలు పగిలి ఆరేలోపు తిప్పాలి, లేకపోతే మాడతాయి. ఆమె ఒక్కోటీ తిప్పింది. ఆమె నోరు దానంతటదే నవ్వింది. బడిలో వరస కట్టిన పిల్లలకి, అత్తగారికి, గోదాము రైతులకి నవ్విన నోరు అది. యజమాని లేకపోయినా తోక ఊపే కుక్కలాంటిది. లోపల మాత్రం ఎవరో మేడ మెట్లెక్కి, ఉబ్బిన తలుపుకి భుజం ఆనించి తోస్తున్నారు, తలుపు వెనకాల గది లేదు.

గిన్నెలు తోమి, పందిరి ఊడ్చి, పదకొండింటికి ఆరో నంబరు క్యాబిన్‌కి వెళ్ళింది. అది ముందు రోజే ఖాళీ అయింది. ఆ వేళ రావలసినవాళ్ళు ఉత్తరాన మంచుకి రోడ్డు మూసేశారని, రాలేమని ఫోన్ చేశారు. డబ్బు కట్టేశారు, మూడు రాత్రులూ వాళ్ళదే. అయినా శుభ్రం చెయ్యాలి కదా అని చీపురు పట్టుకుని వెళ్ళింది. ఊడ్చింది. కిటికీ చట్రాల్లోంచి ఇసక దులిపింది. బ్లీచింగు నీళ్ళతో పరుపు తుడిచింది. తుడిచాక వెళ్ళి తలుపు గడియ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకి తెలీదు. ఇనప గడియ గట్టిగా పడింది. ఐదేళ్ళుగా ఈ గడియని వారానికి రెండుసార్లు నూనె గుడ్డతో తుడిచింది, లోపలి నించి ఎప్పుడూ వెయ్యలేదు.

తడి ఆరని పరుపు మీద కోటు పరుచుకుని పడుకుంది.

ఏడుద్దామనుకుంది, రాలేదు. పైకప్పు దూలాలు లెక్కపెట్టింది, అవి తొమ్మిది. ఇల్లు పోయిందన్న బాధ కంటే ముందు వేరే ఏదో గుచ్చుతోంది. ఏమిటా అని వెతికితే దొరికింది. అతను ఆ మాట ట్రైలర్లో చెప్పి ఉంటే తను ఒద్దనేది కాదు. రెండ్రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు సరేననేది. తను సరేనంటుందని అతనికి నలభై నాలుగేళ్ళుగా తెలుసు. అందుకే చెప్పలేదు. దాచాలని కాదు, భయపడీ కాదు. తుఫాను వస్తుందని తలుపుకి చెప్తామా? తనలో 'సరే' అనడానికి కూడా ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని కూడా ఎప్పుడో లెక్కలోంచి తీసేశాడు. ఈ ఆలోచన ఇంత సూటిగా తనకే వచ్చినందుకు ఆమెకి ఆశ్చర్యమేసింది. గది వెచ్చగా ఉంది. ఎవరో డబ్బిచ్చి కొనుక్కుని వదిలేసిన నిశ్శబ్దం. ఆమెకి నిద్ర పట్టేసింది.

తలుపు కొట్టిన చప్పుడుకి మెలకువ వచ్చింది. ఎండ ఇంకో కిటికీకి మారింది.

"డార్లీ, లోపలున్నావా?"

ఆమె కళ్ళు మళ్ళీ దూలాల మీదకి వెళ్ళాయి. బయట ఎవరో అడిగారు, ఆర్విడ్ నవ్వుతూ చెప్తున్నాడు, "మా బాసు సమ్మె చేస్తోందండీ. నా మధ్యాహ్నం భోజనం బందీగా ఉంది లోపల." నవ్వులు. మళ్ళీ తలుపు. మళ్ళీ. ఈసారి గొంతు మారింది. "డార్లీ, పడిపోయావా? డార్లీ, మాట్లాడు." గొంతులో నిజంగానే భయం ఉంది. ఆ వెనకాలే అతను గుమ్మం మెట్టు మీద కూలబడిన చప్పుడు, ఎవరో "నీళ్ళు తెండి" అనడం. ఆమె లేచింది. తీయకుండా ఉండాలంటే ఎలాంటి మనిషి అయి ఉండాలో ఆమెకి తెలీదు. గడియ తీసింది.

మెట్టు మీద కూర్చుని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. చుట్టూ ఐదారుగురు. ఆమెని చూడగానే అందరి ముఖాల్లో మొదట ఊరట, తర్వాత ఇంకోటి. గుండె జబ్బు మనిషిని ఇలా హడలగొడతారా అన్న చూపు.

"నిద్ర పట్టేసింది," అంది.

"పట్టపగలా?" అన్నాడు ఆర్విడ్, నీరసంగా నవ్వుతూ. అందరూ నవ్వి తేలికపడ్డారు.

ఆ సాయంత్రం ట్రైలర్లో సూప్ తాగుతూ అతను నెమ్మదిగానే మాట్లాడాడు. "నీకోసమే కదా ఇదంతా. ఆ మెట్లు, ఆ మంచు. ఎన్నాళ్ళు చేస్తావ్ ఆ చాకిరీ?"

"నాతో ఒక్క మాట అనాల్సింది ఆర్విడ్."

"అన్నాను కదా పొద్దున్న."

"నలభై మందితో అన్నావు."

"నువ్వు నవ్వావు," అన్నాడు అతను. గెలవడానికి కాదు, నిజంగానే అర్థంకాక. "నేను చూశాను. అందరూ చూశారు. నవ్వావు కదా డార్లీ."

నవ్విన మాట నిజమే.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద నించి కూతురు కారీకి ఫోన్ చేసింది. కారీకి సంగతి అప్పటికే తెలుసు. నెల రోజులుగా తెలుసు. "నాన్న ఎంత సంబరపడుతున్నాడో తెలుసా? నిన్ను ఆశ్చర్యపరచాలని నన్ను ఒట్టేయించాడు. ఒత్తిడి పెట్టకమ్మా ఆయన్ని, ఆయన గుండె సంగతి తెలుసుగా. అయినా ఆ కుట్టుపని నీకు ఎక్కడైనా కుదురుతుంది." తర్వాత బెర్నీస్‌కి చేసింది. బెర్నీస్ అంతా అడ్డు రాకుండా వింది. ఆమె ఎప్పుడూ అంతే. చివరికి అంది, "ఇల్లు మీ ఇద్దరి పేరా, ఒక్కడి పేరా?"

"ఇద్దరి పేరనే."

"ఊఁ," అంది బెర్నీస్. "ఇక్కడ మోకాలి లోతు మంచు పడింది. మీ వాకిట్లో ఎవరూ నడవలేదు."

బుధవారం ఇంటి అమ్మకం కాగితాలు పోస్టులో వచ్చాయి. పార్కులో నోటరీ ముద్ర ఉన్నది రేంజర్ ఒరాలియా ఒక్కదాని దగ్గరే. చలికి వచ్చే ముసలాళ్ళ వీలునామాలూ బండి కాగితాలూ అన్నీ ఆమే చూసిపెడుతుంది. నలభై దాటిన మనిషి, ఈ ఎడారిలోనే పుట్టింది. మాటలో తొందరుండదు. శుక్రవారం ఆర్విడ్ పొద్దున్నే గడ్డం గీసుకుని, డార్లిస్‌ని గోల్ఫ్ బండిలో ఎక్కించుకుని వెళ్ళాడు. దారిలో నలుగురికి చెయ్యి ఊపాడు. ఐదో నంబరు వాళ్ళు ఖాళీ చేస్తున్నారు, హీటరు కింద ఏదో పురుగు కనిపించిందని చెప్పారు. "మా ఆవిడ వచ్చి చూస్తుంది," అన్నాడు.

ఆఫీసులో హీటరు సన్నగా హోరుమంటోంది. ఒరాలియా ఇద్దరి గుర్తింపు కార్డులూ అడిగి తీసుకుంది, ఫొటోలనీ ముఖాలనీ పోల్చి చూసింది. ఆర్విడ్ సంతకం పెట్టాడు. అతని సంతకం పెద్దది, గీత దాటి పోతుంది. ఒరాలియా అతన్ని ఏదో అడిగింది, అతను "ఆఁ, ఆఁ" అన్నాడు. తర్వాత కాగితాలు డార్లిస్ వైపు తిప్పింది.

"డార్లిస్ గారూ, ఇది చదివారా?"

"చదివాను." నిజంగానే చదివింది. మొన్నటి నించీ ఆ ఇంటి కొలతలు, హద్దులు తప్ప బుర్రలో వేరే ఏమీ లేవు.

"సరే. ఇది అందర్నీ అడుగుతాను, ఏమీ అనుకోకండి," అని ఒరాలియా కళ్ళెత్తింది. "మిమ్మల్ని ఎవరూ బలవంతం పెట్టకుండా, మీ ఇష్టంతో, మీ అంతట మీరే సంతకం పెడుతున్నారా?"

రోజూ అడిగే ప్రశ్న కాబట్టి ఒరాలియా గొంతులో ప్రత్యేకంగా ఏమీ లేదు. కానీ అడిగాక ఆగింది. కలం పక్కన పెట్టి, చేతులు బల్ల మీద పెట్టుకుని జవాబు కోసం నిజంగానే ఆగింది. అలా ఆగితే ఎంత చోటు ఏర్పడుతుందో డార్లిస్‌కి అంతవరకూ తెలీదు. పెళ్ళి నాడు పాస్టరు అడిగాడు, కానీ అప్పుడు వెనకాల అత్తవారి వంశమంతా నిలబడి ఉంది, ఆమెకి ఇరవై మూడేళ్ళు. ఇప్పుడీ గదిలో ఉన్నది ముగ్గురు. నోరు ఎప్పటిలాగే నవ్వడానికి సిద్ధపడడం ఆమెకి తెలిసింది. పెదాల చివర్లు కదులుతున్నాయి. ఆమె పెదాలు బిగించి పట్టుకుంది, అది దిగిపోయేదాకా ఆగింది.

"కాదు," అంది.

ఆర్విడ్ నవ్వాడు. "ఆవిడ ఉద్దేశం ఏమిటంటే ఒరాలియా, ఇల్లంటే కాస్త బెంగ ఉంటుంది కదా, అది. బలవంతం ఎవరు పెట్టారు? రాసెయ్ డార్లీ, పోస్టు బండి వెళ్ళిపోతుంది."

"నేను అడిగింది ఆవిణ్ణి అండీ," అంది ఒరాలియా మెల్లగా.

అతని చెయ్యి గుండె మీదకి వెళ్ళింది. డార్లిస్ చూసింది. ఐదేళ్ళుగా ఆ చెయ్యి అటు వెళ్ళినప్పుడల్లా ఆమె కాళ్ళు ముందు లేచాయి, బుద్ధి తర్వాత లేచింది. ఈసారి కూర్చునే చూసింది. పెదాల రంగు చూసింది, నుదుటి మీద చెమట ఉందేమోనని చూసింది, ఊపిరి ఎన్నిసార్లు ఆడుతోందో చూసింది. ఆసుపత్రి మంచం పక్కన పదకొండు రోజులు కూర్చుని నేర్చుకున్న చూపు అది. రంగు మామూలుగానే ఉంది. ఊపిరి మామూలుగానే ఉంది. అతను దొంగవేషం వేస్తున్నాడని కూడా అనిపించలేదు. తనకి కాదన్న మాట వినపడితే ఆ చెయ్యి వెళ్ళేది అక్కడికే, దానికి వేరే దారి తెలీదు. అంతే.

"కూజాలో నీళ్ళున్నాయి ఆర్విడ్, పోసుకో," అంది.

అతను లేవలేదు. కూజా వైపూ, ఆమె వైపూ చూశాడు. గోడ గడియారం పదకొండు కావస్తోంది. బయట ఐదో నంబరు వాళ్ళ కారు కంకర మీద కదిలిన చప్పుడైంది.

ఒరాలియా కలాన్ని ఎవరి వైపూ జరపలేదు. "నేను రాసుకోవాలి డార్లిస్ గారూ. మళ్ళీ ఒక్కసారి చెప్తారా?"

డార్లిస్ కాగితాలు సమంగా సర్ది, మడిచి, కవర్లో పెట్టింది. కవరు ఒళ్ళో పెట్టుకుంది.

"కాదమ్మా," అంది. "నా ఇష్టంతో కాదు."

రెండోసారి అనడం మొదటిసారి కంటే తేలిగ్గా ఉంది.